మాక్యులా దెబ్బతిన్నవాళ్లకు విజయవాడ, గుంటూరులో సాయం: లో విజన్ పరీక్ష, సర్టిఫికెట్, ఫోను, ఇల్లు

కానూరు_రోడ్డు
నాన్నగారికి 73 ఏళ్లు. రెండు కళ్లలోనూ మాక్యులర్ డీజెనరేషన్, అంటే రెటీనా మధ్య భాగమైన మాక్యులా దెబ్బతినే జబ్బు. కుడి కంటికి తడి రకం, ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. ఎడమ కంట్లో మచ్చ కట్టేసింది. అద్దాలు పెట్టుకుంటే కుడి 6/60 (మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచే చదవగలగడం), ఎడమ 3/60. పేపరు చదవలేకపోతున్నారు. మనుషుల్ని గొంతు విని గుర్తుపడుతున్నారు. ఇంట్లో మాత్రం తడుముకోకుండా తిరుగుతారు. ఉన్న చూపు నిలబెట్టుకోవడమే, ఇక పెరగదన్నారు. ఏ సేవలున్నాయి, ఏది ముందు చూసుకోవాలి? ఆన్‌లైన్‌లో 10X భూతద్దం ఒకటి కనబడింది, తెప్పించమంటారా?

లోవిజన్_గుంటూరు
భూతద్దం ఇప్పుడే కొనకండి. ముందు లో విజన్ పరీక్ష చేయించండి, అంటే మిగిలిన చూపుతో ఏం చేయగలరో, ఏ సాధనం పనికొస్తుందో తేల్చే పరీక్ష. ఇంజెక్షన్లు అయిపోయాక చూద్దామని చాలామంది ఏళ్లు గడిపేస్తారు. ఆగాల్సిన పని లేదు, రెండూ పక్కపక్కనే నడవొచ్చు. మీకు దగ్గర్లో తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ ఐ ఇన్‌స్టిట్యూట్ ఉంది. రిసెప్షన్‌లో "కంటి పరీక్ష" అని చెబితే మామూలు ఓపీకి పంపుతారు. "లో విజన్, విజన్ రీహాబిలిటేషన్" అని విడిగా అడగండి.

వెళ్లే రోజు గురించి ఒక మాట. కంట్లో చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేసిన రోజున ఈ పరీక్ష పెట్టుకోవద్దు. చుక్కల ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. దగ్గరి చూపు మసకబారి, వెలుతురు కళ్లలో పొడిచి, కొలతలు తప్పుతాయి. రెటీనా చెకప్ ఒక రోజు, లో విజన్ మరో రోజు.

ఇంట్లో ఉన్న అద్దాలు, భూతద్దాలు పగిలినవైనా సరే అన్నీ తీసుకెళ్లండి. ఆయన నిజంగా చదవాలనుకునేవి కూడా పట్టుకెళ్లండి: ఆయన చూసే పేపరు, బ్యాంకు పాస్‌బుక్, మాత్రల స్ట్రిప్పు, పంచాంగం. చార్టు మీద అక్షరాలు చదివినంత మాత్రాన మాత్రల స్ట్రిప్పు చదవగలరని కాదు.

ఇక 10X సంగతి. కటకం శక్తి డయాప్టర్లలో ఉంటుంది, దాన్ని 4తో భాగిస్తే X వస్తుంది. 10X అంటే 40 డయాప్టర్లు. 100ని డయాప్టర్లతో భాగిస్తే కాగితం ఎంత దూరంలో ఉండాలో సెంటీమీటర్లలో తేలుతుంది. 40కి రెండున్నర సెంటీమీటర్లు! కటకం చిన్నది, ఒకసారికి రెండు మూడు అక్షరాలే కనబడతాయి, చెయ్యి కాస్త వణికితే అవీ పోతాయి. 6/60 ఉన్నవాళ్లకు మొదటి లెక్క 60ని 6తో భాగించడం, అంటే 10 డయాప్టర్లు, 2.5X. ఒక్కో అక్షరం పట్టుకోవడానికి అది చాలు. ధారగా చదవాలంటే దానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు కావాలి, 16 నుంచి 20 డయాప్టర్లు. ఎక్కడ ఆగాలో పరీక్షలోనే తేలుతుంది.

అమరావతి_రోడ్
మార్కెట్లో 5X అని అమ్మేవి ఒకదానితో ఒకటి సరిపోలడం లేదెందుకండీ? ఒకటి బాగా పెద్దది చేస్తుంది, ఇంకోటి చేయదు.

లోవిజన్_గుంటూరు
కొన్ని కంపెనీలు 4తో భాగించి ఒకటి కలుపుతాయి. అలా లెక్కేస్తే 16 డయాప్టర్ల కటకం కూడా 5X అయిపోతుంది. అందుకే పెట్టె మీద X కాదు, D (డయాప్టర్లు) చూడండి. D రాయకపోతే కొనొద్దు.

వాడకంలో ఎక్కువగా తప్పేది ఏ అద్దంతో చూడాలన్న దగ్గరే. చేత్తో పట్టుకునే కటకాన్ని సరైన దూరంలో పెడితే వెలుతురు సమాంతరంగా వస్తుంది, కాబట్టి దూరపు చూపు అద్దంలోంచే చూడాలి. స్టాండు భూతద్దం అలా కాదు, కాగితం మీద ఆనించి దగ్గరి అద్దాలతో చూడాలి. బైఫోకల్ ఉన్నవాళ్లు స్టాండు కటకాన్ని పైభాగంలోంచి చూసి, "మసగ్గా ఉంది, పనికిరాదు" అని పక్కన పడేస్తారు.

మీ నాన్నగారి రెండు కళ్లకూ తేడా ఉంది కాబట్టి రెండు కళ్లతో కలిపి దగ్గరగా చదవడానికి వాడే ప్రిజం అద్దాలిచ్చినా పెద్ద లాభం ఉండకపోవచ్చు. కుడి కంటికే శక్తి ఇచ్చి, ఎడమ కంటి చూపు అడ్డొస్తుంటే ఆ అద్దానికి మసక టేపు వేయడం ఒక పద్ధతి. చేతులు వణికేవాళ్లకు స్టాండు కటకమే మేలు, లోపల ఎల్‌ఈడీ ఉన్నది చూడండి.

బ్రాడీపేట_రెటీనా
ఇంజెక్షన్ల వైపు కొన్ని మాటలు. చూపు పెరగదన్నారు కదా అని మధ్యలో మానేయకండి. తడి రకంలో కారే నాళాలను ఆ మందు అదిమి పెడుతుంది. మందు దిగిపోయాక నీరు మళ్లీ చేరి, ఈసారి మచ్చ పెరిగితే అది వెనక్కి రాదు. మామూలుగా మొదట నెలకొకటి చొప్పున మూడు వేస్తారు. తర్వాత రెటీనా పొరల్ని చూపే ఓసీటీ స్కాన్ పొడిగా ఉంటే వ్యవధిని రెండు వారాల చొప్పున పెంచుతూ పోతారు. ఈ ఇంజెక్షన్ మందుల్లో బెవాసిజుమాబ్ చవక. రానిబిజుమాబ్‌కు మన దేశంలోనే తయారైన బయోసిమిలర్ (దానికి సాటి మందు) 2015 నుంచి దొరుకుతోంది. అఫ్లిబెర్సెప్ట్ ఖరీదెక్కువ. ఖర్చు భారమైతే మానేసే ముందు డాక్టరుతో విప్పి చెప్పండి. మందు మార్చొచ్చు, వ్యవధి మార్చొచ్చు.

ఇంజెక్షన్ వేశాక రెండు రోజులు కాస్త గరగర, తెల్లగుడ్డు మీద ఎర్రటి మరక మామూలే. మొదటి వారం రోజుల్లో నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, ఎరుపు పెరిగినా, చూపు ఉన్నట్టుండి మబ్బేసినా ఆ రోజే వెళ్లాలి, రాత్రయినా సరే. కంటి లోపలి ఇన్‌ఫెక్షన్‌కు గంటలు లెక్క. గుంటూరు వైపువాళ్లు పెదకాకాని శంకర కంటి ఆసుపత్రికో, ఇంజెక్షన్ వేసిన చోటికో వెళ్లొచ్చు. "పొద్దున చూద్దాం" అన్న మాట వద్దు.

ఇంట్లో ఆమ్స్‌లర్ గళ్ల కాగితం గోడకు అంటించండి. పది సెంటీమీటర్ల చదరం, అరసెంటీమీటరు గళ్లు, మధ్యలో చుక్క. చదువుకునే అద్దాలు పెట్టుకుని, ఒక కన్ను మూసి, 30 సెంటీమీటర్ల దూరంలో చుక్కను చూడాలి. రెండు కళ్లూ తెరిచి చూస్తే మంచి కన్ను చెడ్డకన్ను లోపాన్ని కప్పేస్తుంది, మార్పు తెలియదు. గీతలు కొత్తగా వంకర పోయినా, గళ్లు మాయమైనా తేదీ రాసి ఫోను చేయండి.

అమరావతి_రోడ్
మెడికల్ షాపులో కంటి విటమిన్లని ఇస్తున్నారు. అవి వాడితే చూపు వస్తుందా?

బ్రాడీపేట_రెటీనా
రాదు. ఈ జబ్బు మీద 2013లో వెలువడిన ఏఆర్‌ఈడీఎస్ 2 అధ్యయనంలో వాడిన మోతాదు ఇది: రోజుకు విటమిన్ సి 500 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ 400 యూనిట్లు, లుటీన్ 10, జియాజాంథిన్ 2, జింక్ 80, రాగి 2 మిల్లీగ్రాములు. మధ్యస్థ దశలో ఉన్నవాళ్లకు, లేదా ఒక కంట్లో ముదిరి రెండో కన్ను ఇంకా నిలబడి ఉన్నవాళ్లకు, జబ్బు ముదిరే ముప్పును తగ్గించడానికే ఇవి. పోయిన చూపును తేవు. స్ట్రిప్పు వెనక లెక్క చూడండి, చాలా మాత్రల్లో ఇందులో పావు వంతు కూడా ఉండదు. సిగరెట్, చుట్ట తాగేవాళ్లు, మానేసినవాళ్లు బీటా కెరోటిన్ ఉన్న పాత రకం ముట్టుకోకూడదు, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. చుట్ట మానడం ఈ మాత్రలన్నిటికన్నా ముందు చేయాల్సిన పని.

వెల్ఫేర్_డెస్క్
వైకల్య సర్టిఫికెట్ లెక్క చెబుతాను, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఒక కన్ను పూర్తిగా పోయింది కాబట్టి 50 శాతం వస్తుందనుకుంటారు. రాదు. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం మంచి కన్ను 6/18 దాకా ఉంటే, రెండోది వెలుతురు కూడా తెలియనంతగా పోయినా 30 శాతమే. పింఛనుకు 40 కావాలి.

మీ నాన్నగారిది వేరు. మంచి కన్ను 6/60, అంటే 6/24 నుంచి 6/60 వరుస. రెండో కన్ను 3/60. ఆ గడిలో 50 శాతం. రెండు కళ్లూ 6/24, 6/60 మధ్య ఉంటే 40. ఎడమది 3/60 కన్నా తగ్గితే 60. కొలత ఎప్పుడూ అద్దాలు పెట్టుకున్నాకే, కాబట్టి పాత అద్దాలతో వెళ్లొద్దు, కొత్త నంబరు రాయించుకుని వెళ్లండి.

దరఖాస్తు కేంద్రం వారి యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లో పెట్టొచ్చు. మన రాష్ట్రంలో వైకల్య శాతం తేల్చే సదరం పరీక్షకు స్లాట్ మీ వార్డు సచివాలయంలోనో మీసేవలోనో బుక్ చేయించవచ్చు. ఆధార్, ఫొటో, తాజా కంటి చీటీతో పాటు ఓసీటీ, ఫండస్ (కంటి లోపలి) ఫొటో ప్రింట్లు, ఇంజెక్షన్ల డిశ్చార్జి కాగితాలు పెట్టండి. తెల్లపొర ఉన్నా, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందనిపించినా బోర్డు తిప్పి పంపుతుంది. మాక్యులా దెబ్బ శాశ్వతమని రెటీనా డాక్టరు ఒక వాక్యం రాసిస్తే ఆ ప్రశ్న రాదు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక రకంగా, దరఖాస్తులో ఇంకో రకంగా ఉండడం ఫైలు ఆగడానికి పెద్ద కారణం. ముందే సరిచూసుకోండి. తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తే గడువు తేదీ క్యాలెండరు మీద రాసుకోండి.

కార్డు వచ్చాక రంగు చూడండి. 40 లోపు తెలుపు, 40 నుంచి పసుపు, 80 నుంచి నీలం.

కానూరు_రోడ్డు
ఆయనకు వృద్ధాప్య పింఛను 4,000 వస్తోంది. దీంతో రెండూ వస్తాయా?

వెల్ఫేర్_డెస్క్
రెండూ కలిపి రావు. 40 శాతం, ఆపైన వస్తే దివ్యాంగుల పింఛనుకు మార్చమని సచివాలయంలో అడగండి. ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి అది 6,000.

మీరు ఉద్యోగస్తులై పాత పన్ను విధానంలో ఉంటే, మీ మీద ఆధారపడిన తండ్రికి 40 శాతం, ఆపైన సర్టిఫికెట్ ఉన్నందుకు 75,000 మినహాయింపు ఉంది, ఇన్నాళ్లూ 80డీడీ అని పిలుస్తున్నది. 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000. బిల్లులు అంత అయ్యాయా లేదా అన్న లెక్క లేదు. కొత్త పన్ను విధానంలో ఇది లేదు. రైల్వే రాయితీ మాత్రం చూపు పూర్తిగా లేనివాళ్లకే, 50 శాతం కార్డుతో కౌంటరు దగ్గర వాదించి లాభం లేదు.

లోవిజన్_గుంటూరు
కటకం ఎంత మంచిదైనా చూసే పద్ధతి మారకపోతే చదువు సాగదు. మాక్యులా జబ్బు పక్కచూపును తీసుకోదు. మచ్చ అడ్డం లేని పక్క రెటీనాతో చూడడం నేర్చుకోవాలి.

ఎలాగంటే: పెద్ద గోడ గడియారం ముందు రెండు మీటర్ల దూరంలో, మంచి కంటితో కూర్చోబెట్టండి. గడియారం మధ్యను చూడమంటే మధ్య మాయమవుతుంది. ఇప్పుడు తల కదపకుండా చూపు మాత్రం 12 వైపు, 1 వైపు, 2 వైపు... అలా చుట్టూ తిప్పమనండి. ఏ అంకె వైపు చూసినప్పుడు గడియారం మధ్య తేటపడిందో అది ఆయన దిశ. రెండు మూడుసార్లు వేర్వేరు రోజుల్లో చేసి, ఒకే జవాబు వస్తేనే ఖాయం చేయండి. తర్వాత రోజూ రెండు పూటలా పది పదిహేను నిమిషాలు, ముందు ముఖాలతో, తర్వాత పెద్ద అంకెలతో, చివరికి అక్షరాలతో.

మన లిపికి ఎడమ నుంచి కుడికి చదువు. మచ్చ కుడి వైపు పడితే రాబోయే అక్షరాన్నే మింగేస్తుంది, అందుకే చదువు ఆగి ఆగి సాగుతుంది. వరుసకు కాస్త పైకి చూడగలిగితే మచ్చ పైకి పోయి అక్షరాలు కింద తేలతాయి, చాలామందికి ఇదే సుఖం. అయితే మన అక్షరాలకు గుడి, తలకట్టు పైన, వత్తులు కింద. సగం ఎత్తే కనబడితే "ప", "ష" కలిసిపోతాయి, వత్తు జారిపోయి "అమ్మ" కాస్తా "అమ" అవుతుంది. ఇంగ్లిషు చార్టుతో తేల్చిన శక్తి తెలుగు పేపరుకు చాలకపోవడానికి ఇదొక కారణం. పరీక్షలో తెలుగు చదివించమని అడగండి.

ఇంకొకటి, చూపును వరుస వెంట పరిగెత్తించొద్దు. కన్ను నిలిపి ఉంచి కాగితాన్ని కుడి నుంచి ఎడమకు మెల్లగా జరపాలి. నల్ల చార్టు ముక్కలో 18 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల ఎత్తు కిటికీ కోసి వరుస మీద పెడితే పై వరుసా కింద వరుసా కలవవు, తెల్ల కాగితం మెరుపూ తగ్గుతుంది. ఒకటిన్నర సెంటీమీటర్లు కోస్తే పెద్దచ్చు తెలుగులో వత్తులు తెగిపోతాయి.

పటమట_ఇల్లు
దీపం గురించి ఎవరూ చెప్పలేదు. గది మధ్యలో ట్యూబులైటు ఎన్ని పెంచినా కాగితం మీదికి వెలుతురు రాదు, కంట్లోకే వస్తుంది. మెడ వంచే టేబుల్ ల్యాంపు, 7 లేక 9 వాట్ల ఎల్‌ఈడీ, మంచి కన్ను వైపు నుంచి, బల్బు కంటికి కనబడకుండా కాగితానికి 30 సెంటీమీటర్ల దూరంలో. దీపాన్ని సగం దూరానికి దించితే కాగితం మీద వెలుతురు సుమారు నాలుగు రెట్లవుతుంది, కరెంటు బిల్లు పెరగదు.

వంటింట్లో, భోజనం దగ్గర రంగు తేడాలే మొత్తం పని చేస్తాయి. స్టీలు పళ్లెంలో తెల్లన్నం, పైన పెరుగు వేస్తే ఏదెక్కడుందో తెలియదు. ముదురు నీలమో ఆకుపచ్చో పళ్లెం, లేదంటే అరిటాకు. మజ్జిగ ముదురు రంగు గ్లాసులో పోయండి. మంచినీళ్ల గ్లాసు స్టీలుదైతే మెరుపుకి అంచు తెలియదు. గ్యాస్ స్టవ్ ఆపే చోట మీట మీద ఎం సీల్‌తో చిన్న బొడిపె పెట్టండి, వేలికి తగలాలి. మెట్ల అంచున రెండంగుళాల పసుపు టేపు, ప్రతి మెట్టుకూ. పై మెట్టుకీ కింది మెట్టుకీ మాత్రమే వేస్తే మధ్యలోవి సమంగా ఉన్నాయనుకుని అడుగేస్తారు. మాత్రలకు పొద్దుటి స్ట్రిప్పుకి ఒక రబ్బరు బ్యాండు, రాత్రిదానికి రెండు. చూపు బాగున్నవాళ్లు వస్తువులు సర్దిపెట్టి చోటు మార్చకూడదు. ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పండి.

టాక్‌బ్యాక్_తెలుగు
ఫోన్‌లో అందరూ ముందు తెరను చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేసేస్తారు. మాక్యులా జబ్బువాళ్లకు అది మొదటి మెట్టు కాదు. అది ఆన్ అవగానే తాకే పద్ధతి మొత్తం మారుతుంది: ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తట్టితే తెరుస్తుంది, జరపడానికి రెండు వేళ్లు. పెద్దవాళ్లు హడలిపోయి ఫోనే వదిలేస్తారు. ఈ వరుసలో వెళ్లండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ. అక్షరం సైజు, డిస్‌ప్లే సైజు పెంచండి. నల్ల తెర మీద తెల్లక్షరాలు పెట్టి చూడండి, మెరుపుకి ఇబ్బంది పడేవాళ్లకి హాయిగా ఉంటుంది. తర్వాత మ్యాగ్నిఫికేషన్. ఆ పైన సెలెక్ట్ టు స్పీక్, తెర మీద ఏ పేరా తాకితే అది చదువుతుంది. తెలుగు గొంతు రాకపోతే టెక్స్ట్ టు స్పీచ్‌లో గూగుల్ ఇంజిన్ ఎంచుకుని తెలుగు వాయిస్ డౌన్‌లోడ్ చేయాలి. ఇవన్నీ చాలనప్పుడే టాక్‌బ్యాక్. రెండు వాల్యూమ్ మీటలూ మూడు సెకన్లు నొక్కితే ఆన్, ఆఫ్ అయ్యేలా పెట్టుకోండి.

పేపరుకు గూగుల్ లెన్స్. ఫొటో తీసి, వచనం ఎంచి, వినమనాలి. పేపరు మొత్తాన్ని ఒకేసారి తీస్తే పక్క కాలమ్‌లోని వరుసను దీనికి కలిపి చదివేస్తుంది. ఒక కాలమ్ మాత్రమే ఫ్రేములోకి తీసుకోండి, మడత మీద తీయకండి.

నోట్లకు రిజర్వ్ బ్యాంకు మణి యాప్ ఉంది, 2020 జనవరి నుంచి, ఇంటర్నెట్ లేకుండా పనిచేస్తుంది. చేత్తో పట్టాలంటే 200 నోటు 146 మిల్లీమీటర్లు, 500 నోటు 150. తేడా నాలుగే, అందుకే పర్సులో వేర్వేరు అరల్లో పెట్టడం నమ్మకమైన పద్ధతి.

చుట్టుగుంట_టీచర్
పిల్లల్లో మాక్యులాకు వచ్చే స్టార్గార్ట్ జబ్బు గురించి ఇక్కడే రాస్తున్నాను, ఈ వివరాల కోసం తల్లిదండ్రులూ వెతుకుతుంటారు. పిల్లవాడు బోర్డు చదవలేకపోతే ముందు బెంచీలో కూర్చోబెడితే సరిపోదు, బోర్డు మీద రాసేది పైకి చదువుతూ రాయాలి. పక్కకి తల తిప్పి చూస్తుంటే "ఇటు చూడు" అని సరిదిద్దకండి, వాడు చూస్తున్నది అలాగే. 40 శాతం సర్టిఫికెట్ ఉంటే కేంద్ర మార్గదర్శకాల ప్రకారం పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం అడగొచ్చు, జవాబులు రాసిపెట్టే స్క్రైబును అడగొచ్చు. పరీక్ష ఫీజు కట్టేటప్పుడే దరఖాస్తు పెట్టాలి, హాల్ టికెట్ వచ్చాక కాదు. సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో వినే పుస్తకాలున్నాయి. ఈ పిల్లలకు విటమిన్ ఎ మాత్రలు డాక్టరు చెప్పకుండా ఇవ్వొద్దు, ఆ జబ్బులో అది హాని చేసే అవకాశం ఉంది.

కానూరు_రోడ్డు
అన్నీ రాసుకున్నాను. ఇంకొకటి అడగడానికి సంకోచంగా ఉంది. సాయంత్రం పూట గోడ మీద పూల డిజైన్లు, ఒక్కోసారి గుమ్మంలో చిన్న చిన్న మనుషులు కనబడుతున్నారంటున్నారు. అమ్మ భయపడి ఎవరికో చూపిద్దామంటోంది.

బ్రాడీపేట_రెటీనా
సంకోచం వద్దు, అడిగి మంచిపని చేశారు. చూపు బాగా తగ్గినవాళ్లలో చాలామందికి ఇలా ఉంటుంది, పైకి చెప్పరు. పేరు ఛార్లెస్ బానెట్ సిండ్రోమ్. 1760లోనే వర్ణించారు. కంటి నుంచి సమాచారం తగ్గినప్పుడు మెదడు ఖాళీని తనంతట తానే నింపుకుంటుంది. పిచ్చి కాదు, గాలి కాదు, ధూళి కాదు. తాయెత్తులతో పనిలేదు. ఆయనకు అది నిజం కాదని తెలిసి ఉండటం, మాటలు వినపడకపోవడం, కేవలం బొమ్మలే ఉండటం దీని లక్షణాలు. బొమ్మ కనబడినప్పుడు దీపం వేయమనండి, గట్టిగా రెప్పలు కొట్టి, తల కదపకుండా కళ్లు కుడి ఎడమలకు పదిహేనుసార్లు తిప్పమనండి. చాలాసార్లు మాయమవుతుంది. గొంతులు కూడా వినపడినా, అవి నిజమని నమ్మినా, మతిమరుపు తోడైనా, కొత్త మందు మొదలెట్టాక వచ్చినా న్యూరాలజిస్టుకు చూపించాలి.

ఆయన దిగులుగా, మాటలు తగ్గించేసి ఉంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులో మాట్లాడతారు. అమ్మగారికి ఇదంతా ఆయన ఎదుటే చదివి వినిపించండి.

వెల్ఫేర్_డెస్క్
బ్యాంకు సంగతి మిగిలింది. సంతకం కుదరడం లేదని ఏటీఎం కార్డు, చెక్కుబుక్కు వెనక్కి తీసుకుంటామంటే ఒప్పుకోకండి. చూపులేనివాళ్లకు ఈ సౌకర్యాలు నిరాకరించకూడదని రిజర్వ్ బ్యాంకు 2008లోనే చెప్పింది. నల్ల అట్టలో సంతకం పట్టేంత కిటికీ కోసి చెక్కు మీద ఆనించి, లావు నల్ల పెన్ను ఇవ్వండి, సంతకం గీత తప్పదు. ఆయన ఎప్పుడైనా ఉద్యోగ పింఛను తీసుకుంటుంటే లైఫ్ సర్టిఫికెట్‌కు ఐరిస్ స్కానర్ పనిచేస్తుంది, జబ్బు రెటీనాలో కానీ ఐరిస్‌లో కాదు. 70 దాటినవాళ్లకు ఇంటికొచ్చి చేసే సేవ ఉందేమో బ్రాంచిలో అడగండి.

కానూరు_రోడ్డు
సోమవారం తాడిగడపలో లో విజన్‌కు అపాయింట్‌మెంట్ అడుగుతాను, సదరం స్లాట్‌కు సచివాలయంలో. బస్సు బోర్డు చదవడానికి ఏదైనా ఉందా?

లోవిజన్_గుంటూరు
4X చేతి టెలిస్కోపు. 6/60 కన్నుకు దాదాపు 6/15 చూపిస్తుంది. నిలబడి, మంచి కంటికి ఆనించి, ముందు బస్సును మామూలు కంటితో పట్టుకున్నాకే దాన్ని ఎత్తాలి. నడుస్తూ వాడకూడదు, వస్తువులు దగ్గరగా ఉన్నట్టు కనబడి అడుగు తప్పుతుంది. అపాయింట్‌మెంట్ రోజునే అక్కడ చేతికిచ్చి కిటికీలోంచి బోర్డులు చదివించమనండి. కుదిరితేనే కొనండి.